టిఫిన్ డబ్బాలో డిస్టార్షన్ పెడల్: మామయ్య చేసిన ఈ పెట్టె వంశం ఎవరైనా చెప్పగలరా?

మల్కాజిగిరి_తీగలు
మా మేనమామ చాలా ఏళ్లపాటు పెళ్లి ఆర్కెస్ట్రాలలోనూ వినాయక చవితి పందిళ్లలోనూ గిటారు వాయించారు. పోయిన నెలలో ఆయన ఇల్లు మారుతుంటే సామాను దించడానికి వెళ్లాను. అటక మీద పాత స్పీకరు వైర్ల చుట్టల కింద ఆయన స్వయంగా తయారు చేసుకున్న డిస్టార్షన్ పెడల్, అంటే గిటారు శబ్దాన్ని కావాలని గరగరలాడించే కాలి పెట్టె, దొరికింది. పెడల్ అని మర్యాదకు అంటున్నాను గానీ, నిజానికి అది స్టీలు టిఫిన్ డబ్బా. దాన్ని బోర్లించి వాడారు. పైకి వచ్చిన అడుగు మీద కాలితో తొక్కే స్విచ్చు, రెండు నాబులు, ఒక చిన్న టాగుల్ స్విచ్చు ఉన్నాయి. టాగుల్‌కు ఒక వైపు ‘ఎ’ అనీ, ఇంకో వైపు ‘చ’ అనీ గోళ్ల రంగుతో రాసి ఉంది. కానుక గిన్నెల మీద చెక్కించినట్టే పేరూ తేదీ చెక్కి ఉన్నాయి. బూటు రాపిడికి పేరు అరిగిపోయి, 14-6-1979 అన్న తేదీ మాత్రం మిగిలింది.

లోపల ఒక మూల ట్యాగ్ స్ట్రిప్పు (భాగాలను సోల్డర్ చేసే పట్టీ) మీద ఏసీ128 అని రాసి ఉన్న రెండు లోహపు టోపీ ట్రాన్సిస్టర్లు ఉన్నాయి. రెండో మూల చిల్లుల బోర్డు మీద ఎనిమిది కాళ్ల 741 ఐసీ (సిగ్నల్‌ను పెంచే చిప్పు) ఉంది. మూత తీస్తే తప్ప కనిపించని చోట రెండు ఎర్ర ఎల్‌ఈడీలు ఉన్నాయి. ఎవరికీ కనిపించని దీపం ఎందుకు పెట్టారో నాకు అర్థం కాలేదు. బ్యాటరీ క్లిప్పులు కూడా రెండు ఉన్నాయి. ఫోటో జత చేశాను.

‘చ’ వైపు మాత్రమే మోగుతుంది. మోగితే అద్భుతంగా ఉంటుంది గానీ, మధ్యాహ్నం మా రేకుల గదిలో వాయిస్తే శబ్దం తెగి తెగి వచ్చి, చివరకు తుస్సుమంటుంది. రాత్రి మళ్లీ మామూలే. మిగతా పెడల్స్‌తో కలిపి ఒకే అడాప్టర్‌కు తగిలిస్తే అన్నింటి దీపాలూ ఆరిపోతాయి. పెడల్‌ను ఆపేసినా గిటారు శబ్దం మొద్దుబారినట్టే ఉంటుంది. మామయ్యను అడిగితే “గిటారు నేర్చుకున్నవాడివి, పెట్టె నేర్చుకోలేవా” అని నవ్వి ఊరుకుంటున్నారు.

బేస్_బావ
‘ఎ’ అంటే ఎక్కువ, ‘చ’ అంటే చాలా ఎక్కువ. గిటారు వాయించేవాళ్ల దగ్గర ఈ రెండు స్థాయిలే ఉంటాయని మాలాంటి బేస్ వాయించేవాళ్లకు ఎప్పటినుంచో తెలుసు.

టంకం_పొగ
రెండు క్లిప్పులు ఉన్నాయన్నారు. రెండింటికీ బ్యాటరీలు పెట్టారా, లేక ఒకదానికే పెట్టి వాయిస్తున్నారా?

మల్కాజిగిరి_తీగలు
ఒకదానికే పెట్టాను. రెండోది అదనంగా ఉంచుకున్నారేమో అనుకున్నాను.

టంకం_పొగ
అయితే ‘ఎ’ వైపు మోగకపోవడంలో వింత లేదు. ముందు రెండో క్లిప్పుకు కొత్త 9 వోల్టుల బ్యాటరీ పెట్టి చూడండి, ఆ తరువాత మాట్లాడుకుందాం. మీ డబ్బాలో ఒక పెడల్ లేదు, రెండు ఉన్నాయని నా అనుమానం.

పాతరేడియో_రామంతపూర్
ఏసీ128 అనగానే సగం కథ తెలిసిపోయింది. అది జెర్మేనియం ట్రాన్సిస్టర్. ఒకప్పుడు మన ఇళ్లలోని ట్రాన్సిస్టర్ రేడియోలలో స్పీకరును నడిపించే పనికి ఈ జాతివే వాడేవారు. ఫజ్ ఫేస్ (ఫజ్ అంటే ఆ గరగరే) అనే గుండ్రని పెడల్ లండన్‌లో ఆర్బిటర్ సంస్థ 1966లో తెచ్చినప్పుడు దానిలోనూ రెండే జెర్మేనియం ట్రాన్సిస్టర్లు ఉండేవి. గిటారిస్టు జిమి హెండ్రిక్స్ కాలి కింద ఉన్నది అదే. మీ ట్యాగ్ స్ట్రిప్పు మీద 33కె, 8.2కె, 470 ఓంలు, 100కె (కె అంటే వెయ్యి ఓంలు) రెసిస్టర్లు ఉన్నాయేమో రంగు చారలు చదివి చెప్పండి. అవే ఉంటే సగం పెట్టె వంశం తేలిపోయినట్టే.

అడాప్టర్ గొడవ కూడా ఇక్కడిదే. ఏసీ128 పీఎన్‌పీ రకం కాబట్టి ఆ కాలపు సర్క్యూట్లలో బ్యాటరీ ప్లస్‌ను డబ్బాకు, అంటే గ్రౌండుకు, కలిపేవారు. ఇప్పటి పెడల్స్ అన్నింటిలోనూ మైనస్ గ్రౌండు అవుతుంది. రెండింటినీ ఒకే అడాప్టర్‌కు తగిలిస్తే, గిటారు కేబుల్ పైతొడుగు ద్వారా ప్లస్సూ మైనస్సూ నేరుగా కలిసిపోయి షార్ట్ అవుతుంది. మీ పెడల్ మిగతావాటిని చంపడం లేదు. రెండు కాలాల మనుషులు ఒకే పంక్తిలో ఎదురెదురుగా కూర్చున్నారు, అంతే.

మల్కాజిగిరి_తీగలు
రెసిస్టర్లు చూశాను. 33కె, 470, 100కె ఉన్నాయి, 8.2కె ఉండాల్సిన చోట మాత్రం 10కె ఉంది. అడాప్టర్ సాకెట్టు మామయ్య పెట్టింది కాదు, పోయిన వారం నేనే ఒక మరమ్మతు దుకాణంలో పెట్టించాను. రెండు వందలు తీసుకుని, ప్లస్సు ఎటో మైనస్సు ఎటో చూడకుండా బిగించి ఇచ్చారు. పైగా “పాత సామాను సార్, గ్యారంటీ ఉండదు” అని కూడా అన్నారు.

రెండో బ్యాటరీ పెట్టగానే ‘ఎ’ వైపు గర్జించింది. టంకం_పొగ గారి అనుమానం నిజమే, డబ్బాలో రెండు పెడల్స్ ఉన్నాయి.

కోఠి_తిరుగుబోతు
8.2కె బదులు 10కె ఎందుకో నేను చెప్పగలను. కోఠిలో గుజరాతీ గల్లీకి వెళ్లి అడిగితే, లేని విలువకు దగ్గరలో ఉన్నదాన్ని చేతిలో పెట్టి “ఇదీ పని చేస్తది” అంటారు. నిజంగానే పని చేస్తుంది. నా మొదటి ఫజ్‌లో సగం విలువలు ఆ కౌంటరు వెనక ఉన్న పెద్దాయన నిర్ణయించినవే.

సిలికాన్_సింగం
మధ్యాహ్నం పని చేయని వస్తువును హైదరాబాదులో ఉంచుకోవడం ఎందుకో నాకు అర్థం కాదు. ఏసీ128లు పీకేసి బీసీ108 సిలికాన్ ట్రాన్సిస్టర్లు పెట్టండి. ఫజ్ ఫేస్ తయారీదారులే 1960ల చివరికల్లా సిలికాన్‌కు మారిపోయారు. బ్యాటరీనీ ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లనూ తిరగేస్తే మైనస్ గ్రౌండు అవుతుంది, అడాప్టర్ సమస్య కూడా పోతుంది.

పాతరేడియో_రామంతపూర్
సింగం గారూ, మీరు చెప్పినది విద్యుత్ లెక్కలో సరైనదే. చెవి లెక్క మాత్రం వేరు. సిలికాన్‌లో గెయిన్, అంటే సిగ్నల్‌ను పెంచే శక్తి, ఎక్కువ, అంచులు పదును. గిటారు మీద వాల్యూమ్ కాస్త తగ్గించగానే శబ్దం తేటపడే గుణం జెర్మేనియంలో ఉన్నంతగా అందులో ఉండదు.

ఇక వేడి సంగతి. జెర్మేనియం ట్రాన్సిస్టర్‌లో బేస్ అనే కాలికి ఏమీ ఇవ్వకపోయినా కొంత కరెంటు కారుతూనే ఉంటుంది. వేడి సుమారు 10 డిగ్రీలు పెరిగినప్పుడల్లా ఆ లీకేజీ రెట్టింపు అవుతుంది. మొదటి ట్రాన్సిస్టర్ అలా అతిగా కారితే రెండోది దాదాపు మూతపడుతుంది. అప్పుడు గట్టిగా మీటిన స్వరం మాత్రమే బయటపడి, మెల్లని తోక తెగిపోతుంది. మీకు వినిపిస్తున్న తుస్సు అదే. మే నెలలో మన ఊరిలో 42 డిగ్రీలు దాటిన రోజులు ఎన్ని చూడలేదు? లండన్‌లో గీసిన సర్క్యూట్‌కు రేకుల గది ఒకటి ఉంటుందని ఎవరు ఊహించారు?

మల్టీమీటర్ నల్ల ముల్లును డబ్బాకు ఆనించి, ఎర్ర ముల్లును రెండో ట్రాన్సిస్టర్ కలెక్టర్ అనే కాలి మీద పెట్టండి. సాయంత్రం ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి కొలవండి. 4.5 వోల్టులకు అటూ ఇటూ ఉంటే ఆరోగ్యంగా ఉన్నట్టు. అంకె ముందు మైనస్ గుర్తు వస్తే కంగారు పడకండి, ప్లస్ గ్రౌండు కాబట్టి అలాగే రావాలి.

టంకం_పొగ
కొలుస్తూ ఉండగా మొదటి ట్రాన్సిస్టర్ టోపీని రెండు వేళ్లతో పట్టుకుని చూడండి. మీటరులో అంకె కదలడం మీ కళ్లతోనే చూడవచ్చు.

మల్కాజిగిరి_తీగలు
రాత్రి 4.6 చూపింది. వేళ్లతో పట్టుకున్నాను, ముందు ఏమీ కాలేదు, తరువాత 4.8, 5, 5.3 అంటూ మెల్లగా ఎక్కింది. వదిలేసి ఊదితే మళ్లీ దిగింది. ఇంత చిన్న లోహపు టోపీ నా ఒంటి వేడిని గుర్తుపడుతుంటే కాసేపు గిటారు సంగతే మరిచిపోయి దానితో ఆడుకుంటూ కూర్చున్నాను. ఈ రోజు మధ్యాహ్నం రెండింటికి రేకుల గదిలో 7.8 వచ్చింది.

బేస్_బావ
ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన పెట్టండి. ఎలాగూ టిఫిన్ డబ్బానే కదా, ఇంట్లో ఎవరూ అనుమానించరు.

స్పీకర్_చింపు
వంశం అంటే ఫజ్ ఫేస్ దగ్గర ఆగిపోవడం న్యాయం కాదు. దాని వెనక ఇంకా తరాలు ఉన్నాయి. అమెరికాలోని నాష్‌విల్‌లో 1960 చివర్లో గాయకుడు మార్టీ రాబిన్స్ పాట ఒకటి రికార్డు చేస్తుంటే, మిక్సింగ్ బల్లలో ఒక చానెల్‌లోని ట్రాన్స్‌ఫార్మర్ చెడిపోయి, గ్రేడీ మార్టిన్ వాయించిన ఆరు తీగల బేస్ గిటారు బొంగురుపోయిన గొంతుతో పలికింది. దాన్ని తీసేయకుండా పాటలో అలాగే ఉంచారు. తరువాత ఆ గొంతు కావాలని ఇతరులు అడగడం మొదలుపెట్టారు గానీ, చెడిపోయిన ట్రాన్స్‌ఫార్మర్ ఎన్నాళ్లు ఉంటుంది? అందుకని రికార్డింగ్ ఇంజనీరు గ్లెన్ స్నాడీ, రెవిస్ హాబ్స్‌తో కలిసి అదే దోషాన్ని ట్రాన్సిస్టర్లతో పుట్టించే సర్క్యూట్ తయారు చేశారు. గిబ్సన్ సంస్థ 1962లో దాన్ని మేస్ట్రో ఫజ్-టోన్ పేరుతో అమ్మకానికి పెట్టింది. అందులో మూడు జెర్మేనియం ట్రాన్సిస్టర్లు, రెండు ఒకటిన్నర వోల్టుల సెల్స్ ఉండేవి. గిటారుతో బాకాలూ శాక్సఫోన్లూ పలికించవచ్చని ప్రచారం చేశారు గానీ, కొన్నవాళ్లు తక్కువ. 1965లో రోలింగ్ స్టోన్స్ పాటలో కీత్ రిచర్డ్స్ వాడిన తరువాతే అది దుకాణాలలో దొరకకుండా పోయింది.

అదే 1965లో లండన్‌లో గ్యారీ హర్స్ట్ ఆ మేస్ట్రో సర్క్యూట్‌ను సవరించి, 9 వోల్టులకు పెంచి టోన్ బెండర్ అనే పెడల్ చేశారు. 1966లో టోన్ బెండర్ రెండు ట్రాన్సిస్టర్లకు కుదించుకున్న రూపానికీ ఫజ్ ఫేస్‌కూ లోపల తేడా దాదాపు లేదు. కాబట్టి మామయ్య గారి పెట్టె మేస్ట్రోకు మునిమనవడు అవుతుంది.

సిలికాన్_సింగం
అంటే ఒకరిని చూసి ఒకరు కాపీ కొట్టారని చెప్పండి. పేర్లు మార్చితే వంశం అవుతుందా?

స్పీకర్_చింపు
కాపీయే, కాదనను. అయితే ప్రతి కాపీలోనూ దగ్గర ఏది దొరికితే అది పడింది. గుజరాతీ గల్లీ 10కె లాంటివి లండన్‌లోనూ జరిగాయి. అసలు పెడల్స్ రాకముందు ఏం చేశారో చూడండి. 1958లో లింక్ రే స్పీకరు కాగితానికి పెన్సిల్‌తో చిల్లులు పొడిచారని చెప్పుకుంటారు. కింక్స్ గిటారిస్టు డేవ్ డేవిస్ 1964లో చిన్న ఆంప్లిఫయర్ స్పీకరును బ్లేడుతో కోశారు. నా పేరు అక్కడినుంచి పెట్టుకున్నదే. ఇంట్లో నేను కోసిన స్పీకరు మాత్రం చెవిలో కందిరీగ దూరినట్టు మోగి, మరుసటి రోజు పూర్తిగా చచ్చిపోయింది.

బాలానగర్_డ్రిల్లు
మీ ఫోటోలో ఆ ఫుట్ స్విచ్చును ఎవరూ పట్టించుకోలేదు. అది అంబాసిడర్ కారు డిప్పర్ స్విచ్చు. పూర్వం హెడ్‌లైట్‌ను డిమ్ము చేయడానికి డ్రైవరు ఎడమ కాలితో నొక్కేది. తొక్కితే టక్కుమని నిలిచే స్విచ్చు ఆ రోజుల్లో చవకగా దొరికేది అదే కావచ్చు. దానికి మూడు టెర్మినళ్లే ఉంటాయి: ఒకటి లోపలికి, రెండు బయటికి.

అందుకే మీ శబ్దం ఆపేసినా మొద్దుగా ఉంది. ఆ స్విచ్చు అవుట్‌పుట్‌ను మాత్రమే మారుస్తుంది. గిటారు ఎప్పుడూ ఫజ్ లోపలికి కలిసే ఉంటుంది. ఫజ్ ఫేస్ రకం సర్క్యూట్ పికప్ (గిటారులో తీగల కంపనాన్ని పట్టే భాగం) మీద చాలా బరువు వేస్తుంది కాబట్టి పై శ్రుతులు నలిగిపోతాయి. ఇప్పుడు తొమ్మిది కాళ్ల 3పీడీటీ స్విచ్చులు వస్తున్నాయి. వాటితో లోపలికీ బయటికీ రెండు వైపులా తెంచేయవచ్చు. డ్రిల్లు అవసరం కూడా లేదు, ఉన్న రంధ్రం పెద్దదే, వాషరు వేస్తే సరిపోతుంది.

టంకం_పొగ
డ్రిల్లు గారితో ఏకీభవిస్తాను గానీ, డిప్పర్ స్విచ్చును పారేయవద్దు. దాన్ని దాచుకోండి.

ఇక 741 వైపు సంగతి. అక్కడ 4.7కె రెసిస్టర్, 0.047 మైక్రోఫారడ్ కెపాసిటర్, 10 లక్షల ఓంల రెసిస్టర్ కనిపిస్తే అది 1970లలో వచ్చిన ఎంఎక్స్ఆర్ డిస్టార్షన్ ప్లస్ అనే పెడల్ కుటుంబం. 10 లక్షలను 4.7 వేలతో భాగించి ఒకటి కలపండి: సుమారు 214 రెట్ల గెయిన్. 9 వోల్టుల బ్యాటరీ మీద 741 అంత మోయలేదు, కాబట్టి తల పైకప్పుకు తగులుతుంది. ఆ తరువాత రెండు డయోడ్లు శబ్ద తరంగం తలనూ పాదాలనూ కోసేస్తాయి. ఎంఎక్స్ఆర్‌లో అవి జెర్మేనియం డయోడ్లు. దాదాపు అదే సర్క్యూట్‌లో సిలికాన్ డయోడ్లు పెడితే డీఓడీ 250 అనే పెడల్ అయింది. మీ బోర్డు మీద గాజు డయోడ్లు ఉండాలే?

మల్కాజిగిరి_తీగలు
విలువలు అన్నీ అవే. గాజు డయోడ్లు రెండు ఉన్నాయి, ఓఏ79 అని చదవగలిగాను. కానీ రెండింటికీ ఒక కాలు కత్తిరించి పక్కకు వంచేశారు. వాటి స్థానంలో ఆ ఎర్ర ఎల్‌ఈడీలు సోల్డర్ చేసి ఉన్నాయి, ఒకటి అటు, ఒకటి ఇటు తిరిగి. ఆ సోల్డరింగ్ మిగతావాటికంటే కొత్తగా మెరుస్తోంది.

పాతరేడియో_రామంతపూర్
ఓఏ79 కూడా రేడియో సరుకే, డిటెక్టర్ దశలో వాడే జెర్మేనియం డయోడు. అంటే మామయ్య గారు పాత రేడియోల మీద బతికించిన పెట్టె ఇది.

టంకం_పొగ
మీకు కనిపించని దీపం రహస్యం తేలిపోయింది. అవి దీపాలు కావు, కత్తెరలు. ఓఏ79 సుమారు 0.3 వోల్టుల దగ్గరే తరంగాన్ని కోసేస్తుంది. ఎర్ర ఎల్‌ఈడీ సుమారు 1.7 వోల్టుల దాకా వదిలి అప్పుడు కోస్తుంది. కోత తగ్గుతుంది, శబ్దం చాలా పెరుగుతుంది. 1980ల చివర్లో టర్బో రాట్ పెడల్‌లో కూడా ఎల్‌ఈడీలతోనే కోశారు. లైట్లు ఆర్పి, మూత తీసి, గట్టిగా ఒక తీగ మీటి చూడండి.

మల్కాజిగిరి_తీగలు
చూశాను. గది పూర్తిగా చీకటి చేసి, కింది తీగను గట్టిగా మీటితే లోపల అగరొత్తి చివరంత ఎరుపు కనిపించి స్వరంతో పాటే ఆరిపోయింది. మా తమ్ముడిని పిలిచి చూపించాను, వాడికి మాత్రం కనిపించలేదట.

సిలికాన్_సింగం
రాట్ పేరు వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. 741 కంటే రాట్‌లోని ఎల్ఎం308 ఐసీ మంచిదని అందరూ దాని వెంట పడతారు. నిజంగా మంచిదా?

టంకం_పొగ
లెక్క ప్రకారం చూస్తే అది ఇంకా మందకొడిది. 741 మైక్రోసెకనుకు అర వోల్టు పరుగెత్తితే, రాట్‌లో ఉన్నట్టు 30 పికోఫారడ్ కెపాసిటర్‌తో కట్టిన 308 సుమారు 0.3 వోల్టు దగ్గరే ఆయాసపడుతుంది. అందుకోలేక వెనకబడటం వల్ల పై శ్రుతుల కరుకుదనం కరిగిపోతుంది, జనం దాన్నే ఇష్టపడ్డారు. 1970ల చివర్లో మిషిగన్‌లోని కలమజూలో రాట్ కూడా చేతితో ఒక్కొక్కటిగా కట్టడంతోనే మొదలైంది.

కోఠి_తిరుగుబోతు
అందరూ డయోడ్ల మీద పడ్డారు. ‘ఎ’, ‘చ’ సంగతి తేల్చండి. ఎకో, చోరస్ అయితే కావు కదా.

పాతరేడియో_రామంతపూర్
నాకు ఒకటి తోస్తోంది. ‘చ’ వైపు ఉన్నది జెర్మేనియం, వేడికి చచ్చిపోయేది. ‘ఎ’ వైపు ఉన్నది 741, మీ రేకుల గదిలోనూ బతికేది. ఒక్క డబ్బాలో వేర్వేరు బ్యాటరీలతో రెండు సర్క్యూట్లు మోసుకు తిరిగిన మనిషి ఊరికే మోయడు. చలికాలం, ఎండాకాలం అయి ఉంటుంది. మామయ్య గారిని ఆ రెండు మాటలు మాత్రం చెప్పి చూడండి.

సిలికాన్_సింగం
అలా అయితే జెర్మేనియం పీకేయమన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. నా సలహా వింటే సగం కథ చెత్తబుట్టలో పడేది. పైగా నేను బీసీ108తో కట్టిన ఫజ్‌లో గెయిన్ పూర్తిగా పెంచితే ఆకాశవాణి వ్యవసాయ కార్యక్రమం వినిపిస్తుంది. వరి నారుమళ్ల గురించి నాకు తెలిసినదంతా దాని పుణ్యమే.

మల్కాజిగిరి_తీగలు
ఆదివారం మామయ్య దగ్గరికి డబ్బా పట్టుకుని వెళ్లాను. “చలికాలం, ఎండాకాలం” అనగానే చేతిలో కాఫీ గ్లాసు కింద పెట్టి, “ఎవర్రా చెప్పింది” అని అడిగారు. రామంతపూర్‌లో ఒక పెద్దాయన అని చెప్పాను.

ఆయన చెప్పినది ఇది. మొదట చేసినది ట్యాగ్ స్ట్రిప్పు వైపే. చెడిపోయిన రెండు రేడియోల నుంచి నాలుగు ఏసీ128లు తీసి, జతలు మార్చి మార్చి విని, బాగున్న రెండింటిని ఉంచుకున్నారట. పాస్ అయిన ఆ జత తప్ప మిగతా రెండు ఒకటే గురగుర. వినాయక చవితి నుంచి సంక్రాంతి దాకా పెట్టె రాజాలాగా మోగింది. తరువాతి ఏప్రిల్‌లో ఒక పెళ్లిలో, షామియానా కింద, ఫోకస్ లైటు పక్కన పెట్టి వాయిస్తుంటే సోలో మధ్యలో గొంతు పడిపోయింది. “పెళ్లికొడుకు తరఫువాళ్లు నేను వాయించడం మరిచిపోయాననుకున్నారు” అని ఇప్పటికీ ఉడుక్కుంటున్నారు. ఆ సీజను అయ్యేలోపే 741 బోర్డు కట్టి అదే డబ్బాలో పక్కన బిగించారు. గ్రౌండు తిరగబడుతుందని ఆయనకు అప్పుడే తెలుసు, అందుకే బ్యాటరీలు వేరు చేశారు. ఎల్‌ఈడీలు అన్నింటికంటే చివర వచ్చాయి. పందిట్లో డప్పుల పక్కన ఓఏ79 డయోడ్ల శబ్దం వినబడటం లేదని మార్చారట.

నేను పెట్టించిన అడాప్టర్ సాకెట్టు చూసి మాత్రం చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత సోల్డరింగ్ ఐరన్ తెమ్మని, చేయి వణుకుతున్నా తానే ఆ రెండు వైర్లూ ఊడదీశారు.

బాలానగర్_డ్రిల్లు
మరి 1979 తేదీ? పెట్టె చేసిన సంవత్సరం అదేనా?

మల్కాజిగిరి_తీగలు
కాదు, పెట్టె 1981లో మొదలైందట. ఆ తేదీ సంగతి ఇంటికి వచ్చాక తెలిసింది. డబ్బా బల్ల మీద పెట్టి 3పీడీటీ స్విచ్చు బిగిస్తుంటే అమ్మ వచ్చి, కళ్లజోడు సవరించుకుని, అడుగు మీద వేలితో తడిమింది. అది అమ్మ పెళ్లికి వాళ్ల మేనత్త ఇచ్చిన డబ్బా. పెళ్లయిన రెండేళ్లకు పుట్టింట్లో మరిచిపోయి వచ్చిందట, ఎంత వెతికినా మళ్లీ దొరకలేదట. అప్పటికప్పుడు మామయ్యకు ఫోన్ చేసి పావుగంట తిట్టింది.

టంకం_పొగ
స్విచ్చు బిగించడం పూర్తయిందా?

మల్కాజిగిరి_తీగలు
పూర్తయింది, ఆపినప్పుడు ఇప్పుడు గిటారు తేటగా పలుకుతోంది. డబ్బా నా దగ్గరే ఉంటుంది గానీ, మూత అమ్మ తీసేసుకుంది. దాని కొలతకు మూత ఒకటి కావాలి, బాలానగర్‌లో ఎవరైనా చేసిస్తారా డ్రిల్లు గారూ?